గోల్ఫ్‌లో హ్యాండిక్యాప్ 14తో ఫోర్జ్‌డ్ ఐరన్స్‌కి మారొచ్చా? 7 ఐరన్ 15 యార్డులు తగ్గిపోతోంది, ఎందుకు?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇదీ. హైదరాబాదులో గోల్ఫ్ ఆడతారు, హ్యాండిక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మేలు) 14. ఆరేళ్లుగా వాడుతున్నది వెడల్పు సోలు (క్లబ్ తల అడుగుభాగం), లావు టాప్‌లైన్ (తల పై అంచు) ఉన్న గేమ్ ఇంప్రూవ్‌మెంట్, అంటే తప్పు షాట్‌ని కాస్త క్షమించే, ఐరన్స్ సెట్టు (లోహపు తల ఉన్న క్లబ్బులు, అంకె పెరిగే కొద్దీ దూరం తగ్గుతుంది). 7 ఐరన్ 155 యార్డులు క్యారీ (గాల్లో పోయే దూరం). తోటి ఆటగాడి ఫోర్జ్‌డ్ 7 ఐరన్ తీసుకుని నాలుగు బంతులు కొడితే చేతికి వెన్నముద్ద తగిలినట్టు అనిపించింది గానీ బంతి మాత్రం 140 దగ్గరే పడింది. లక్ష దాటే సెట్టు కొని దూరం పోగొట్టుకోవడమేనా, అలవాటు పడడానికి ఎన్నాళ్లు పడుతుంది అన్నది మీ అనుమానం.

ముందు జవాబు చెప్పేస్తాను. మారొచ్చు, కానీ 4 నుంచి పిచింగ్ వెడ్జ్ (9 తర్వాత వచ్చే, దగ్గరి దూరాల క్లబ్) దాకా ఒకే రకం వద్దు. 7, 8, 9, పిచింగ్ వెడ్జ్ కాంపాక్ట్ క్యావిటీ బ్యాక్ (వెనక గుంట ఉన్న చిన్న తల) ఫోర్జ్‌డ్ తీసుకోండి. 5, 6 అదే కంపెనీ హాలో బాడీ (లోపల బోలుగా ఉండే) మోడల్‌లో తీసుకోండి. 4 ఐరన్ అసలు వద్దు, దాని చోట హైబ్రిడ్ (ఐరన్‌కీ వుడ్‌కీ మధ్య రకం క్లబ్). మీ దూరం ఎక్కడికీ పోలేదు, మీరు చూసింది లాఫ్ట్ (బంతికి తగిలే ఫేస్ వెనక్కి వాలిన కోణం) తేడా. అలవాటు కావడానికి వారానికి రెండు మూడు సార్లు ఆడేవారికి రెండు నెలలు పడుతుంది. అయితే ఇదంతా కింద చెప్పిన ఇరవై బంతుల పరీక్ష గట్టెక్కితేనే. గట్టెక్కకపోతే ఆ డబ్బు పాఠాలకు పెట్టండి.

ఫోర్జ్‌డ్ అనే మాట దేన్ని చెబుతుంది, దేన్ని చెప్పదు

కమ్మరి కొలిమిలో ఇనుము కాల్చి సాగగొట్టడానికీ, కరిగించి అచ్చులో పోత పోయడానికీ ఉన్న తేడానే ఇక్కడా ఉంది. ఫోర్జ్‌డ్ హెడ్‌కి మెత్తని కార్బన్ స్టీలు కడ్డీని ఎర్రగా కాల్చి డైల మధ్య పెట్టి కొడతారు. 1020, 1025, లేదా జపాన్ లెక్కలో ఎస్20సి, ఎస్25సి అని రాసి ఉంటుంది. చివరి రెండంకెలు కార్బన్ శాతం చెబుతాయి: 1025 అంటే సుమారు 0.25 శాతం. పోత హెడ్‌లకు ఎక్కువగా వాడేది 17-4 లేదా 431 స్టెయిన్‌లెస్. అవి గట్టివి.

ఈ మెత్తదనం వల్ల ఖాయంగా ఒరిగే లాభం ఒక్కటే, వంచడం సులువు. లై (నేలకూ షాఫ్ట్‌కీ మధ్య కోణం), లాఫ్ట్ మెషీన్‌లో బిగించి రెండు డిగ్రీలు అటో ఇటో తేలిగ్గా సర్దొచ్చు. 17-4 పోత హెడ్ అలా లొంగదు, బలవంతం చేస్తే హోజెల్ (షాఫ్ట్ దిగే మెడ) దగ్గర చిట్లే ప్రమాదం ఉంది.

ఇక 'ఫీల్'. బంతికీ ఫేస్‌కీ మధ్య తాకిడి అర మిల్లీసెకను కూడా ఉండదు. చేతికి కబురు అందేసరికి బంతి వెళ్లిపోయి ఉంటుంది. మెత్తగా ఉందని మనకు అనిపించేదాంట్లో పెద్ద వాటా చెవిది. ఫేస్ వెనక లోహం ఎంత మందంగా ఉంది, ఏ శ్రుతిలో మోగింది అన్నది లోహం చేసిన పద్ధతి కంటే ఎక్కువ లెక్కలోకి వస్తుంది. నమ్మకం లేకపోతే చెవుల్లో దూది పెట్టుకుని రెండు రకాలూ కొట్టి చూడండి. సగం వెన్న కరిగిపోతుంది.

ఫోర్జ్‌డ్ అభిమానులు ఒప్పుకోని విషయం ఇంకొకటుంది. మిజునో తల, మెడ ఒకే కడ్డీలోంచి సాగదీసి హిరోషిమాలో చేయిస్తుంది, గ్రెయిన్ ఫ్లో అనే పేరు అందుకే. హిమేజీలోని మియురా బాడీని విడిగా కొట్టి మెడను తర్వాత స్పిన్ వెల్డింగ్‌తో అతికిస్తుంది. పద్ధతులు పూర్తిగా వేరు, రెండూ మెత్తదనానికి పేరుపడ్డవే. మరోపక్క 2023లో ఫెడెక్స్ కప్ (అమెరికా ప్రొఫెషనల్ టూర్ సీజన్ టైటిల్) గెలిచినప్పుడు విక్టర్ హోవ్లండ్ సంచిలో ఉన్నవి పింగ్ ఐ210లు, అవి 431 స్టీలు పోత ఐరన్స్.

పెట్టె మీద 'ఫోర్జ్‌డ్' అని ఉన్నంత మాత్రాన ఒకటే జాతి అనుకోకండి. లోపల బోలుగా ఉండి, పలచని ఫేస్ స్ప్రింగులా పనిచేసే టేలర్‌మేడ్ పీ790 కూడా ఫోర్జ్‌డ్ వర్గంలోనే అమ్ముతారు. ఘనంగా ఒకే ముద్దగా ఉండే మజిల్ బ్యాక్ బ్లేడూ ఫోర్జ్‌డే. ఆటలో ఈ రెంటికీ పోలికే లేదు. కొట్టులో అడగాల్సింది "ఫోర్జ్‌డా కాదా" అని కాదు. లాఫ్ట్ ఎంత, ఆఫ్‌సెట్ (ఫేస్ మెడకంటే వెనక్కి ఉండే దూరం) ఎంత, సోలు వెడల్పెంత, షాఫ్ట్ (క్లబ్ కర్ర) బరువెంత, ఈ నాలుగూ అడగండి.

15 యార్డులు ఎక్కడికి పోయాయి

మీ పాత సెట్టులాంటి వాటిలో 7 ఐరన్ లాఫ్ట్ 28 నుంచి 30 డిగ్రీలు ఉంటుంది. ప్లేయర్స్ (మంచి ఆటగాళ్ల కోసం చేసిన) ఫోర్జ్‌డ్‌లో సంప్రదాయ లాఫ్ట్ 34. ఒక డిగ్రీకి రెండు మూడు యార్డుల చొప్పున లెక్కేయండి: అయిదు డిగ్రీలకు పన్నెండు, పదమూడు యార్డులు. దానికి తోడు పాత సెట్టు 7 ఐరన్ షాఫ్ట్ పావు అంగుళం పొడుగ్గా ఉంటుంది, ఫేస్ పలచగా ఉంటుంది. అవీ కలిపితే మీ 15 సరిపోయింది.

ప్లేయర్స్ సెట్టులో తరచూ కనిపించే వరస ఇది: 5కి 27, 6కి 30, 7కి 34, 8కి 38, 9కి 42, పిచింగ్ వెడ్జ్‌కి 46. అంటే కొత్త 6 ఐరన్ మీ పాత 7 ఐరన్‌కి దగ్గరి చుట్టం. సోలు మీద అంకె మారిందంతే. 155 కొట్టాల్సిన చోట 6 తీయండి. తోటివాళ్లు 8 తీశామని గొప్పలు పోతే పోనివ్వండి.

దూరం తగ్గినందుకు బదులు దక్కేది ఎత్తు, స్పిన్. బంతిని రాడార్‌తో కొలిచే ట్రాక్‌మ్యాన్ కంపెనీ ప్రచురించిన పీజీఏ టూర్ సగటుల్లో 7 ఐరన్ స్పిన్ నిమిషానికి 7,000 చుట్ల దగ్గర, బంతి దిగే కోణం 50 డిగ్రీల దగ్గర ఉంటాయి. మీ క్లబ్ వేగానికి అంత రాదు. కానీ దిగే కోణం 45 డిగ్రీలు దాటితే ఎండకు గట్టిపడ్డ గ్రీన్ (హోల్ చుట్టూ నున్నటి గడ్డి) మీద కూడా బంతి రెండు మూడు గెంతుల్లో ఆగుతుంది. స్పిన్ 5,000 దగ్గర ఉన్న బలమైన లాఫ్ట్ 7 ఐరన్ గ్రీన్ మధ్యలో పడి వెనక అంచు దాటి వెళ్లిపోతుంది. మీ స్కోరులో గ్రీన్ వెనక నుంచి చిప్ చేసినవి ఎన్నో లెక్కపెట్టుకోండి. ఎక్కువ ఉంటే మార్పు మీకు పనికొస్తుంది. ఎక్కువగా గ్రీన్‌కి ముందే ఆగిపోతుంటే మీ సమస్య లాఫ్ట్ కాదు, కాంటాక్ట్.

రఫ్ (పొడుగు గడ్డి) నుంచి కొట్టేటప్పుడు ఇంకో లాభముంది. పలచని ఫేస్‌తో గడ్డిలోంచి కొట్టినప్పుడు అప్పుడప్పుడు స్పిన్ పడిపోయి బంతి 15, 20 యార్డులు అదనంగా ఎగిరిపోతుంది. ఘనమైన ఫోర్జ్‌డ్ హెడ్‌లోనూ ఇది జరుగుతుంది గానీ అంత అడ్డగోలుగా కాదు.

ఇరవై బంతుల పరీక్ష

వైట్‌బోర్డ్ మార్కర్ ఒకటి, పది రూపాయల బిళ్ల ఒకటి తీసుకోండి. బంతి మీద గుండ్రటి చుక్క పెట్టి, చుక్క ఫేస్ వైపు ఉండేలా ఉంచి మీ ప్రస్తుత 7 ఐరన్‌తో కొట్టండి. ఫేస్ మీద మచ్చ పడుతుంది. ఫోన్‌తో ఫొటో తీసి, తుడిచి, మళ్లీ కొట్టండి. ఇరవై కొట్టండి. మ్యాట్ మీద కాదు, గడ్డి మీద. మ్యాట్ మీద రెండంగుళాల వెనక తగిలినా క్లబ్ జారి బంతికి తగులుతుంది, అంతా బాగానే ఉందని మచ్చ కూడా అబద్ధం చెబుతుంది.

పది రూపాయల బిళ్ల అడ్డం 27 మిల్లీమీటర్లు. ఫేస్ మధ్యలో, కింది నుంచి నాలుగైదు గ్రూవుల (ఫేస్ మీది గాడుల) మట్టాన ఆ బిళ్లను ఊహించుకోండి. ఇరవైలో పన్నెండు మచ్చలు అందులో పడితే కాంపాక్ట్ క్యావిటీ బ్యాక్‌కి మీరు సిద్ధం. ఎనిమిది నుంచి పదకొండయితే ఫోర్జ్‌డ్ హాలో బాడీ సెట్టు మొత్తంగా తీసుకోండి, 5 నుంచి వెడ్జ్ దాకా. ఎనిమిది లోపయితే ఇప్పుడున్న సెట్టు మార్చవద్దు. ఈ హద్దులు ఏ పుస్తకంలోవీ కావు, ఫిట్టింగ్ బేలో (ఆటగాడికి క్లబ్బులు సరిపెట్టే చోట) కొన్నాళ్లకు నష్టపోనివాళ్లను, నష్టపోయినవాళ్లను చూసి పెట్టుకున్నవి. మజిల్ బ్యాక్ బ్లేడు సంగతి మీ విషయంలో చర్చించనక్కర్లేదు.

మచ్చలు ఎటు చెల్లాచెదురయ్యాయో కూడా చూడండి. టో వైపు (తల కొస; షాఫ్ట్ వైపుది హీల్) గుంపుగా ఉంటే అది చాలావరకు క్లబ్ పొడవు, నిలబడే దూరం వల్ల. దాన్ని సర్దొచ్చు. పైకీ కిందకీ చెదిరితే క్లబ్ నేలను ఎక్కడ తాకుతోందో మీ చేతిలో లేదన్నమాట, అది చిన్న హెడ్‌కి మారితే ఇంకా బాధిస్తుంది. పలచని సోలు ఫ్యాట్ షాట్‌ని (బంతికంటే ముందు నేలకు తగిలినదాన్ని) క్షమించదు.

హెడ్ ఆకారం మారినప్పుడు బంతి ఎటు పోతుంది

మొదటి వారంలో దాదాపు అందరూ చెప్పే ఫిర్యాదు ఒకటే: బంతి కుడికి పోతోంది (కుడిచేతి వాటం వారికి). కారణం ఆఫ్‌సెట్. పాత హెడ్‌లో ఫేస్ ముందంచు మెడకంటే వెనక్కి ఉంటుంది, 7 ఐరన్‌లో నాలుగైదు మిల్లీమీటర్లు. కొత్తదానిలో దాదాపు సగం. వెనక్కి ఉన్న ఫేస్ మూసుకోవడానికి ఒక క్షణం ఎక్కువ దొరికేది, ఇప్పుడు దొరకదు. పైగా లాఫ్ట్ పెరిగితే పక్కకు వంకర తగ్గాలి, అయినా కుడికే పోతోందంటే ఫేస్ తెరుచుకునే వస్తోందని అర్థం. దీనికి లై వంచి మందు వేయవద్దు. ముందు గ్రిప్ చూసుకోండి: ఎడమచేతి రెండు పిడికిలి ఎముకలు పైనుంచి కనిపించాలి. ఒకటే కనిపిస్తుంటే పాత ఆఫ్‌సెట్ మీ బలహీనమైన గ్రిప్‌ని ఇన్నాళ్లూ దాచి ఉంచింది.

సోలు విషయంలో నేలను బట్టి నిర్ణయించుకోవాలి. వేసవిలో మన ఫెయిర్‌వేలు (పొట్టిగా కోసిన గడ్డి బాటలు) ఇటుకల్లా ఉంటాయి. వెడల్పు సోలు, ఎక్కువ బౌన్స్ (సోలు ముందంచు కంటే కిందికి దిగి ఉండే కోణం) ఉన్న క్లబ్ అక్కడ గెంతి బంతి నడుముకి తగులుతుంది, సన్నని సోలు శుభ్రంగా దిగుతుంది. వానాకాలంలో కథ తిరగబడుతుంది: మెత్తని నేలలో సన్నని సోలు గొడ్డలిలా దిగబడిపోతుంది. మీ డివట్ (క్లబ్ లేపే మట్టిపెళ్ల) చెంచాడు లోతు ఉంటే సన్నని సోలు చాలు. అరచేతి మందం లేస్తుంటే ముందంచు దగ్గర బౌన్స్ ఎక్కువగా ఉన్న సోలు వెతకండి. శ్రిక్సన్ ఐరన్స్‌లో సోలు 'వి' ఆకారంలో మలిచి ఉండేది ఇందుకే. నిటారుగా కొట్టేవాళ్లకు అది బాగా ఒప్పుతుంది.

షాఫ్ట్: డబ్బు దండగయ్యేది ఎక్కువగా ఇక్కడే

హెడ్ గురించి నెల రోజులు ఆలోచించి షాఫ్ట్ మాత్రం 'స్టాకులో ఉన్నది బిగించండి' అనేవాళ్లే ఎక్కువ. ప్లేయర్స్ సెట్టులకు కొట్లో తరచూ ఉండేది బరువైన స్టీలు: డైనమిక్ గోల్డ్ ఎస్300 అయితే 130 గ్రాముల దగ్గర. మీ పాత సెట్టులో ఉన్నది బహుశా 95 నుంచి 100 గ్రాముల తేలిక స్టీలు, లేదా 60, 70 గ్రాముల గ్రాఫైట్. ఒక్కసారిగా 30 గ్రాములు పెరిగితే రేంజ్‌లో తెలియదు. ముప్పై బంతులు హాయిగా కొడతారు. ఏప్రిల్ ఎండలో పదమూడో హోల్‌కి చేతులు వెనకబడతాయి, బంతి కుడికి, పొట్టిగా పడుతుంది, తప్పు హెడ్ మీద పడుతుంది.

ఒక మెట్టుకు 10 నుంచి 15 గ్రాములకు మించి పెంచవద్దు. 95 నుంచి 105 లేదా 110 దాకా వెళ్లండి. నిప్పన్ మోడస్3 105, డైనమిక్ గోల్డ్ 105 ఆ తరహావి. 7 ఐరన్ 155 కొట్టే వేగానికి షాఫ్ట్ రెగ్యులరా, స్టిఫ్ఫా (బిగువుదా) అన్నది దూరం చూసి చెప్పే విషయం కాదు, టెంపో చూసి చెప్పాలి. పైనుంచి కిందికి గబుక్కున లాగేవారికి స్టిఫ్, నింపాదిగా తిప్పేవారికి అదే వేగంలో రెగ్యులర్. ఒక్కో కంపెనీ 'స్టిఫ్' ఒక్కో రకం, అందుకని అక్షరాన్ని నమ్మకండి, కొట్టి చూడండి.

స్వింగ్‌వెయిట్ (స్వింగ్‌లో తల ఎంత బరువు అనిపిస్తుందో చెప్పే కొలత; డి1, డి2 అని పాయింట్లలో రాస్తారు) లెక్కలు గుర్తుంచుకోవాల్సినవి మూడే. హెడ్‌లో రెండు గ్రాములు పెరిగితే ఒక పాయింటు పైకి. పొడవు అర అంగుళం పెరిగితే మూడు పాయింట్లు పైకి. గ్రిప్ అయిదు గ్రాములు బరువెక్కితే ఒక పాయింటు కిందికి. మూడోదాన్ని మరచిపోతారు: మిడ్‌సైజ్ గ్రిప్ వేయించుకుని "హెడ్ ఎక్కడుందో తెలియడం లేదు" అంటారు. పాత సెట్టు డి1 ఉంటే కొత్తదీ డి1, డి2 మధ్య ఉండేలా కట్టించండి. కొట్టువాణ్ణి ప్రతి క్లబ్ స్కేలు మీద పెట్టి చూపించమనండి. సెట్టులో రెండు పాయింట్లకు మించి తేడా ఉంటే పని బాగా లేదు.

లై ఎలా చూసుకోవాలి

లై ఒక డిగ్రీ తప్పితే 7 ఐరన్‌తో 150 యార్డుల దగ్గర బంతి సుమారు మూడు యార్డులు పక్కకు పడుతుంది. నిటారుగా ఉంటే ఎడమకు, పడుకుని ఉంటే కుడికి. లాఫ్ట్ ఎక్కువైన కొద్దీ ఈ తప్పు ఎక్కువ కనిపిస్తుంది, అంటే లై తప్పు వెడ్జ్‌లో ముందు బయటపడుతుంది, 5 ఐరన్‌లో దాదాపు దాక్కుంటుంది. 5 ఐరన్ తిన్నగా పోతూ వెడ్జ్ మాత్రం ఎప్పుడూ ఎడమకే పోతుంటే స్వింగ్ మార్చుకునే ముందు లై చూపించండి.

ఇంట్లో చూసుకోవడానికి: బంతి మీద మార్కర్‌తో మందంగా ఒక గీత గీయండి. గీత నిలువుగా, ఫేస్ వైపు ఉండేలా ఉంచి కొట్టండి. ఫేస్ మీద పడిన గీత గ్రూవులకు లంబంగా ఉంటే లై సరి. గీత పై కొస టో వైపు వాలితే క్లబ్ మరీ నిటారు, హీల్ వైపు వాలితే మరీ పడుకుని ఉంది. కనీసం ఆరు బంతులు కొట్టి చూడండి, ఒక గీతతో తీర్పు చెప్పవద్దు. నిలబడినప్పుడు టో కొంచెం లేచి ఉండడం చూసి కంగారు పడేవాళ్లుంటారు. స్వింగ్ వేగానికి షాఫ్ట్ కిందికి వంగి టో దిగుతుంది, అందుకే నిలబడినప్పుడు చూసి లై కొలవకూడదు.

వంచేటప్పుడు రెండు జాగ్రత్తలు. లాఫ్ట్ ఒక డిగ్రీ బలంగా చేస్తే బౌన్స్ ఒక డిగ్రీ తగ్గుతుంది. కొందరు పాత దూరం కోసం కొత్త సెట్టంతా మూడు డిగ్రీలు బలంగా వంచమంటారు. సోలులో బౌన్స్ పోయి పారలా నేలలో దిగే క్లబ్ మిగులుతుంది. రెండోది, ఒకే హెడ్‌ని అటూ ఇటూ పదేపదే వంచవద్దు. ఇనుప తీగని అలా వంచితే ఏమవుతుందో తెలుసుగా. హాలో బాడీ హెడ్‌లను కంపెనీ చెప్పిన హద్దు దాటి అసలు వంచకూడదు.

కలిపి కట్టిన సెట్టులో ఖాళీలు

నేను చెప్పినట్టు 5, 6 హాలో, 7 నుంచి కాంపాక్ట్ తీసుకుంటే అతుకు దగ్గర చిక్కు వస్తుంది. హాలో 6 ఐరన్ లాఫ్ట్ 26.5 ఉండి, కాంపాక్ట్ 7 ఐరన్ 34 ఉంటే మధ్యలో ఏడున్నర డిగ్రీల గొయ్యి. అక్కడ 25 యార్డుల ఖాళీ వస్తుంది. 6ని ఒక డిగ్రీ బలహీనపరచి 27.5, 7ని ఒక డిగ్రీ బలపరచి 33 చేయించండి. తేడా అయిదున్నరకు వస్తుంది, హాలో ఫేస్ వేగంతో కలిపి 15, 16 యార్డులు. ఇప్పుడు 7కీ 8కీ మధ్య అయిదు డిగ్రీలయ్యాయి కాబట్టి 8ని కూడా అర డిగ్రీ జరపాలి. ఇదంతా ఆర్డరు ఇచ్చేటప్పుడే రాయించాలి, తర్వాత కాదు. మధ్యస్థంగా 32 డిగ్రీల 7 ఐరన్ ఉన్న ఫోర్జ్‌డ్ మోడళ్లు కూడా దొరుకుతాయి (టైటిలిస్ట్ టీ150 అలాంటిది), వాటితో ఈ తలనొప్పి సగం తగ్గుతుంది.

కింది కొస మరవకండి. మీ పాత పిచింగ్ వెడ్జ్ 43, 44 డిగ్రీలు ఉండి ఉంటుంది, అందుకే సెట్టుతో పాటు 49 డిగ్రీల గ్యాప్ వెడ్జ్ ఇచ్చారు. కొత్త పిచింగ్ వెడ్జ్ 46. ఆ పక్కన 49 పెడితే మూడు డిగ్రీలే తేడా, ఒక క్లబ్ వృథా. 46 తర్వాత 50, 54, 58 పెట్టుకోండి, లేదా 51, 56తో సరిపెట్టుకుని మిగిలిన చోటు పైన ఇంకో హైబ్రిడ్‌కి ఇవ్వండి. 14 హ్యాండిక్యాప్‌కి రెండోదే ఎక్కువ ఉపయోగం అని నా అభిప్రాయం. 24 డిగ్రీల 4 ఐరన్‌ని ఆ వేగంతో గాల్లోకి లేపి గ్రీన్ మీద ఆపడం కష్టం, 22 డిగ్రీల హైబ్రిడ్ అదే దూరాన్ని నిలువుగా దించుతుంది.

మొదటి రెండు నెలలు ఎలా గడుస్తాయి

మొదటి వారం అద్భుతంగా ఉంటుంది. కొత్త క్లబ్ కదా, జాగ్రత్తగా, నెమ్మదిగా కొడతారు. మూడో వారానికి స్కోరు పాడవుతుంది. పోయిన యార్డులు తిరిగి రాబట్టుకోవాలని తెలియకుండానే గట్టిగా కొట్టడం మొదలవుతుంది, ముందు చేతులు, తర్వాత ఒళ్లంతా. చాలామంది సెట్టు అమ్మకానికి పెట్టేది సరిగ్గా అప్పుడే. దాన్ని దాటడానికి ఒకటే ఉపాయం: మొదటి వారంలోనే ప్రతి క్లబ్ క్యారీ కొలిచి కాగితం మీద రాసి సంచికి కట్టుకోండి.

కొలత ఇలా: లాంచ్ మానిటర్ (బంతి వేగం, దూరం కొలిచే పరికరం) దగ్గర మీరు ఆడే బంతితోనే, రేంజ్ బంతులతో కాదు. క్లబ్‌కి పదిహేను కొట్టండి. బాగా పోయిన రెండు, చెడిపోయిన మూడు తీసేయండి. మిగిలిన పది సగటు రాయండి, పొర్లిన దూరం కలపకుండా. ఆ పదిలో ముందూ వెనకా తేడా 7 ఐరన్‌కి 12 యార్డుల లోపు ఉండాలి. పాత సెట్టులో 20 ఉండి కొత్తదాంట్లో 12కి దిగితే, సగటు 13 యార్డులు తగ్గినా మీరు లాభంలోనే ఉన్నారు.

సాధన 9 ఐరన్‌తో మొదలుపెట్టి పైకి వెళ్లండి. మూడు వారాల దాకా 6, 5 ఐరన్స్ రేంజ్‌లో బయటికి తీయనక్కర్లేదు. సగం స్వింగ్‌తో, టీ మీద పెట్టి కాదు, గడ్డి మీదే, రోజుకి అరవై బంతులు చాలు. ఫోర్జ్‌డ్ హెడ్ ఇచ్చే అసలు వరం ఈ దశలోనే తెలుస్తుంది: టో తాకిందా, హీల్ తాకిందా, పలచగా తగిలిందా అన్నది బంతిని చూడకుండానే చేతికి తెలుస్తుంది. దాంతో తప్పు తెలుస్తుందే గానీ దిద్దబడదు.

హైదరాబాదు సముద్రమట్టానికి అయిదు వందల మీటర్ల పైన ఉంది. ఇక్కడ రాసుకున్న దూరాలతో విశాఖ ఈస్ట్ పాయింట్ కోర్సుకి వెళ్లి ఆడితే 150కి మూడు యార్డుల దాకా తగ్గుతుంది, ఎదురు సముద్రపు గాలి సంగతి వేరే. కొత్త సెట్టు మొదటి నెలలోనే బయటి కోర్సుకి వెళ్లి "దూరం ఇంకా తగ్గింది" అని బెంగపడవద్దు.

మెత్తని ఇనుముతో జాగ్రత్తలు

కార్బన్ స్టీలు స్టెయిన్‌లెస్ కాదు, పైన ఉన్న నికెల్ క్రోమ్ పూతే దాన్ని కాపాడుతుంది. రాతినేల మీద సోలుకి సొట్టలు తప్పవు, వాటిని అరగదీయకండి. పూత లేచిన చోట తుప్పు చుక్క పడుతుంది, ఆటకు నష్టం లేదు. తడి క్లబ్బులను కవర్లలో పెట్టి కారు డిక్కీలో వదిలేస్తేనే ముప్పు. విశాఖ, కాకినాడ వైపు ఉప్పుగాలికి ఆట అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, నెలకోసారి మిషను నూనె చుక్కతో రుద్దితే చాలు.

కాంక్రీటు మీద పరిచిన పలచని మ్యాట్ల మీద వేల బంతులు కొడితే లాఫ్ట్, లై ఒక డిగ్రీ దాకా జరగడం మామూలే. 8, 9 ఐరన్స్ ఒకే దూరం పోతున్నాయని వచ్చేవాళ్లలో చాలామందికి కారణం ఇదే. ఏడాదికోసారి కొలిపించండి. వారానికి మూడుసార్లు రేంజ్‌కి వెళితే ఆర్నెల్లకోసారి.

పాతవి కొనే ఆలోచన ఉంటే మంచిదే, ధర చాలా తగ్గుతుంది. సోలు అరుగుదల కంటే గ్రూవుల అంచు చూడండి, 8, 9, వెడ్జ్‌లలో గోరు పెట్టి గీస్తే పట్టుకోవాలి. అయస్కాంతం ఒకటి జేబులో వేసుకెళ్లండి: ఫోర్జ్‌డ్ కార్బన్ స్టీలుకి గట్టిగా అంటుకోవాలి. అంటుకోకపోతే అది కార్బన్ స్టీలు కాదు. అంటుకున్నంత మాత్రాన అసలుది అని కాదు, మెడ మీద సీరియల్ నంబరు కంపెనీతో సరిచూసుకోండి. అన్ని క్లబ్బుల షాఫ్ట్ స్టిక్కర్లూ ఒకటేనా, పొడవులు అర అంగుళం వరసలో ఉన్నాయా అన్నదీ అక్కడే చూసుకోండి. మొదటి యజమాని లై వంచించి ఉంటాడు, కొన్నవెంటనే కొలిపించకుండా ఒక్క రౌండు కూడా ఆడకండి.

పాత సెట్టు మూడు నెలల దాకా అమ్మవద్దు. రెండో నెల చివర అదే పది రూపాయల బిళ్ల పరీక్ష రెండు 7 ఐరన్స్‌తోనూ చేయండి, ఒకే రోజు, ఒకే బంతులతో, పాతది పది కొత్తది పది మార్చి మార్చి. కొత్తదాంట్లో మచ్చలు పాతదానికంటే చెదిరి ఉంటే 7, 8 కూడా హాలోకి మార్పించుకోండి. 9, వెడ్జ్ మాత్రం కాంపాక్ట్‌లోనే ఉంచండి. చాలామందికి అతుకు పడాల్సిన సరైన చోటు అదే.